దమ్ము ముందు, ఎముక వెనక: తక్కువ సాధనతో హాఫ్ మారథాన్

చార్మినార్ దగ్గర బయల్దేరి హుస్సేనీ ఆలం, పురానాపూల్, కార్వాన్ మీదుగా గోల్కొండ కోట దాకా వెళితే సుమారు 10 కిలోమీటర్లు. వెళ్లిన దారినే తిరిగొస్తే 20. కుతుబ్ షాహీల కాలంలో కోటనూ కొత్త నగరాన్నీ కలిపిన దారి ఇది. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు, 1591లో చార్మినార్ లేచింది, కార్వాన్‌లో వర్తకుల బిడారులు బస చేసేవి. ఆ రానూపోనూ దూరానికి మరో కిలోమీటరు కలిపితే ఈనాటి హాఫ్ మారథాన్ అవుతుంది. కచ్చితంగా చెప్పాలంటే 21.0975 కిలోమీటర్లు.

హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ ఆగస్టులో జరిపే హైదరాబాద్ మారథాన్‌లో ఈ దూరానికి పేరిచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లలో ఏళ్ల తరబడి పరిగెత్తుతున్నవాళ్లు కొందరే. మిగతావాళ్లకు పొద్దున్నే దుకాణం తెరవాలి, పిల్లల్ని బడికి పంపాలి, రాత్రి డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరాలి. వారంలో మూడు గంటలు దొరికితే అదే ఎక్కువ. అంత తక్కువ సాధనతో ఇంత దూరం వెళ్లవచ్చా?

ఆరోగ్యంగా ఉండి, గంటసేపు హాయిగా నడవగలిగిన మనిషికి సాధ్యమే. ఒక్క విషయం మాత్రం తెలిసి ఉండాలి. శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో సాధనకు అలవాటు పడవు. రక్తం రోజుల్లో మారుతుంది. కండరం వారాల్లో మారుతుంది. ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధాలకు నెలలు పడుతుంది. తక్కువ సాధనతో పరుగుకు దిగినవాళ్లకు తగిలే దెబ్బల్లో చాలా వాటికి మూలం ఈ తేడాలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకుని పరిగెత్తితే మూడు గంటల కష్టంతో పోతుంది. లేకపోతే మూడు నెలలు కుంటాల్సి రావచ్చు.

ఆలస్యంగా చేరేవాళ్లదే పెద్ద పరుగు

2020 నవంబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను మహారాష్ట్ర పరుగువీరుడు అవినాశ్ సాబ్లే గంటా 30 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పాడు. కొత్తగా పరిగెత్తేవాళ్లకు ఇదే దూరం రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అంటే సాబ్లే కంటే రెండు, మూడు రెట్ల సమయం వాళ్లు కాళ్ల మీద ఉంటారు. అడుగు చిన్నది కాబట్టి అడుగుల సంఖ్యా ఎక్కువే. 21 కిలోమీటర్లకు దాదాపు 24 వేల అడుగులు, ఒక్కో కాలికి 12 వేలు. పరిగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు రెట్లకు పైగా బలం కాలి మీద పడుతుంది. 65 కిలోల మనిషి ఒక్కో కాలి మీద 130 కిలోల పైచిలుకు బరువును 12 వేల సార్లు మోస్తాడన్నమాట. పిక్క లోపల ఉండే సోలియస్ కండరం మీదైతే శరీర బరువుకు ఆరు రెట్లకు పైగా లాగుడు పడుతుంది.

ఖర్చయ్యే శక్తి లెక్క తేలిక. కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు ఒక కేలరీ. 65 కిలోల మనిషికి మొత్తం పరుగుకు 1,370 కేలరీల దాకా కావాలి. వేగంగా పరిగెత్తినా నెమ్మదిగా పరిగెత్తినా ఈ మొత్తం పెద్దగా మారదు. మారేది ఆ శక్తిని ఎంతసేపట్లో తీస్తామన్నది, దానికి శరీరం ఏ ఇంధనాన్ని ఎంచుకుంటుందన్నది. అందుకే విజేతల శిక్షణ పట్టికను సగానికి కత్తిరించి వాడుకోవడం కుదరదు. ఆలస్యంగా చేరేవాళ్ల సమస్యలు వేరు, వాటికి మందూ వేరు.

రోజులు, వారాలు, నెలలు

సాధన మొదలైన మొదటి వారం, పది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పది శాతం దాకా పెరుగుతుంది. దాంతో గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అదే వేగంలో నాడి కాస్త తగ్గుతుంది. రెండో వారానికే ఆయాసం తగ్గిందనిపించడానికి కారణం ఇదే.

తర్వాతి వంతు కండరాలది. కండర కణాల్లో ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించే చిన్న అంగాలు మైటోకాండ్రియా. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శాస్త్రజ్ఞుడు జాన్ హోలోజీ ఎలుకల్ని వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం రెట్టింపైందని 1967లో చూపించాడు. మనుషుల్లోనూ దాదాపు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఈ మార్పు బాగా కనబడుతుంది. కండరం చుట్టూ సన్నని రక్తనాళాలు కొత్తగా పుట్టుకొస్తాయి. కొవ్వును మండించే నేర్పు పెరుగుతుంది. మొదటి రోజు చార్మినార్ పక్కనే ఉన్న గుల్జార్ హౌజ్ దాటేసరికి రొప్పినవాళ్లు నెల తిరిగేసరికి మాట్లాడుతూనే మూసీ మీది నయాపూల్ దాకా పరిగెత్తగలుగుతారు.

స్నాయుబంధాల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. మడమకు పైన, పిక్కను మడమతో కలిపే అకిలిస్ స్నాయుబంధం మీద డెన్మార్క్ శాస్త్రజ్ఞులు 2013లో ఒక గొప్ప పరిశీలన ప్రచురించారు. 1955-63 మధ్య జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన రేడియోధార్మిక కార్బన్ ఆనాటి మనుషుల శరీరాల్లోనూ చేరింది. దాని జాడను బట్టి ఏ కణజాలం ఏ ఏట తయారైందో చెప్పవచ్చు. అకిలిస్ నడిమి భాగం దాదాపు 17 ఏళ్ల వయసుకల్లా ఏర్పడి, ఆ తర్వాత కొత్తగా తయారవడం లేదన్నంతగా ఆగిపోతుందని ఆ పరిశీలనలో తేలింది. సాధనతో అది బిగువెక్కుతుంది. అందుకు మూడు నెలల పాటు క్రమంగా పెరిగే బరువు కావాలి. ఒక్కసారిగా దెబ్బతింటే మాత్రం మానడం చాలా నెమ్మది.

ఎముక తననుతాను బాగుచేసుకునే తీరు ఇంకా విచిత్రం. 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి పడినప్పుడు పురావస్తు శాఖ మరమ్మతుకు దిగింది. అలాంటి పనిలో పట్టు వదిలిన పాత సున్నాన్ని ముందు చెక్కి తీసేయాలి, ఆపైన కొత్త సున్నం వేసి అది ఆరి గట్టిపడే దాకా ఆగాలి. ఎముకలోనూ ఆ వరుసే. పరుగు తాకిడికి సూక్ష్మంగా దెబ్బతిన్న చోటును ఆస్టియోక్లాస్టులనే కణాలు రెండు, మూడు వారాల పాటు తొలిచి తీసేస్తాయి. తర్వాత ఆస్టియోబ్లాస్టులు వచ్చి కొత్త ఎముకను పేర్చి, ఖనిజాలతో గట్టిపరుస్తాయి. ఆ పనికి మూడు, నాలుగు నెలలు. ఈ రెండింటి నడుమ కొంతకాలం ఎముక మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే, అంటే నెల నుంచి రెండు నెలల మధ్య, దమ్ము బాగా పెరిగి ఉంటుంది కాబట్టి మనిషికి ఉత్సాహం వచ్చి దూరం పెంచేస్తాడు. మోకాలి కింది పెద్ద ఎముకలోనో పాదంలోనో సన్నని పగులు వచ్చేది ఈ దశలోనే. డాక్టర్లు దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా గుచ్చుకునే నొప్పి, నడిచినా తగ్గని నొప్పి దాని గుర్తులు. అది కనిపిస్తే పరుగు ఆపి ఎముకల డాక్టర్ని కలవాల్సిందే.

ఒక్కరోజు దూకుడే ప్రమాదం

వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచవద్దన్న సలహా పరుగువాళ్లలో ఎప్పటి నుంచో ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్తవాళ్ల మీద దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఒక జట్టు 13 వారాల పాటు పది శాతం లెక్కన పెంచింది, రెండోది ఎనిమిది వారాల్లో మామూలు పద్ధతిలో సాధన చేసింది. గాయపడినవాళ్లు రెండు జట్లలోనూ దాదాపు 20 శాతమే. వారపు మొత్తాన్ని లెక్కపెట్టుకుంటే సరిపోదని అప్పుడే అర్థమైంది.

మరి దేన్ని లెక్కపెట్టాలి? 5,205 మంది పరుగుల్ని ఏడాదిన్నర పాటు చేతి గడియారాల ద్వారా నమోదు చేసిన డెన్మార్క్ పరిశోధకులు 2025లో జవాబు చెప్పారు. చూడవలసింది ఒక్కో పరుగును. గత 30 రోజుల్లో చేసిన అతి పొడవైన పరుగు కంటే ఇవాళ్టి పరుగు పది నుంచి 30 శాతం దాకా పెరిగితే గాయాల ముప్పు దాదాపు 64 శాతం ఎక్కువైంది. రెట్టింపు దాటితే ముప్పు రెండు రెట్లకు పైగా పెరిగింది.

ఈ ఫలితాన్ని మన లెక్కలోకి తెచ్చి చూద్దాం. మీ చేతిలో పన్నెండు వారాలున్నాయి. చివరి రెండు వారాలు విశ్రాంతికి వదిలితే పెంచుకునేందుకు మిగిలేవి పది. మొదటి ఆదివారం 6 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి పది శాతం పెంచుకుంటూ పోతే పదో ఆదివారానికి 14 కిలోమీటర్లు చేరతారు. పోటీ రోజున 21 అంటే దానికి ఒకటిన్నర రెట్లు. అదే 8 కిలోమీటర్లతో మొదలుపెడితే పదో వారానికి దాదాపు 19 అవుతుంది, పోటీకి మిగిలే తేడా కొద్దిపాటిదే. ఎన్ని వారాలు మిగిలాయన్న దానికంటే ఏ పునాది మీద మొదలుపెట్టామన్నదే ముఖ్యమని ఈ లెక్క చెబుతోంది. ఇప్పటికే రోజూ బాగా నడిచే అలవాటున్నవాళ్లకు తక్కువ సాధన సరిపోయి, రోజంతా కుర్చీలో గడిపేవాళ్లకు అదే సాధన చాలకపోవడానికి కారణం ఇదే. 6 కిలోమీటర్లు కూడా కష్టమనిపించినవాళ్లు ఈ ఏడు 10 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి, వచ్చే ఏడు 21కి రావడం మంచిది.

వారానికి రెండున్నర గంటలు

జర్మనీలో కునో హోటెన్‌రాట్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం తీరిక లేనివాళ్లకు ధైర్యమిస్తుంది. హాఫ్ మారథాన్ కోసం సాధన చేసినవాళ్లను రెండు జట్లు చేశారు. ఇద్దరికీ 12 వారాలు, వారానికి రెండున్నర గంటలే. ఒక జట్టు వారాంతంలో సుదీర్ఘంగా, నిదానంగా పరిగెత్తింది. రెండోది పని దినాల్లో సాయంత్రం పూట అరగంట చొప్పున కాస్త ముమ్మరంగా చేసింది. రెండు జట్ల దమ్మూ పెరిగింది, విడివిడిగా ముమ్మరంగా చేసినవాళ్లది మరింత ఎక్కువ. వారమంతా సమయం లేకపోయినా ఉన్న సమయాన్ని పంచుకుంటే ఫలితం దక్కుతుంది.

ఈ రెంటినీ కలిపితే చార్మినార్ పరిసరాల్లో ఉండేవాళ్లకు వారానికి మూడు రోజుల పద్ధతి ఏర్పడుతుంది. మంగళవారం తెల్లవారుజామున చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా నయాపూల్ దాకా వెళ్లి రావాలి. దుకాణాలు తెరవకముందు ఈ దారి ఖాళీగా, చదునుగా ఉంటుంది. చార్మినార్ చుట్టూ పరిచిన రాతి పలకలు తడిసినప్పుడు జారతాయి, వానాకాలంలో చూసి అడుగేయాలి. ఎంత వేగంతో పరిగెత్తాలన్న దానికి కొలబద్ద ఒక్కటే, పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. గురువారం శాలిబండ, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమా వైపు. అక్కడి రాజభవనం గుట్ట మీద ఉంది కాబట్టి ఆ దిక్కున ఎత్తు దొరుకుతుంది. ఎక్కేటప్పుడు రెండు, మూడు నిమిషాల చొప్పున నాలుగైదుసార్లు గట్టిగా శ్రమపడి, నడుమ నడవాలి. ఆదివారం పొడవైన పరుగు, పురానాపూల్ దాటి కార్వాన్ వైపు. 1671 నాటి టోలీ మసీదు దాకా వెళ్లి తిరగడంతో మొదలుపెట్టి, వారం వారం గోల్కొండకు దగ్గరవుతూ పోవచ్చు.

మిగతా రోజుల్లో రెండుసార్లు, మెట్టు అంచు మీద నిలబడి మడమల్ని నెమ్మదిగా ఎత్తి దించడం, కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేయాలి. పిక్కను, అకిలిస్‌ను, తొడ కండరాన్ని పరుగు తాకిడి లేకుండా బలపరిచే వ్యాయామాలివి. పావుగంట చాలు.

నడక అంటే ఓటమి కాదు

అలసిపోయాక నడవడం అందరూ చేసేదే. అలసిపోకముందే నడవడం ఒక పద్ధతి. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాల్లోవే తర్వాతి కాలంలో కొత్తవాళ్లకు నేర్పుతూ దీన్ని ప్రచారం చేశాడు. మొదటి కిలోమీటరు నుంచే కొన్ని నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. నడిచేటప్పుడు ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది కాబట్టి తాకిడి బలం దాదాపు సగానికి తగ్గుతుంది. అదే పనిగా లాగుడు పడుతున్న పిక్కలకు విరామం దొరుకుతుంది. ఒంట్లో వేడి పెరగడమూ నెమ్మదిస్తుంది.

ఇలా నడిస్తే సమయం బాగా పోతుందన్న భయం అక్కర్లేదు. హోటెన్‌రాట్ బృందమే 2016లో ప్రచురించిన అధ్యయనంలో 42 మంది మామూలు పరుగువాళ్లను పూర్తి మారథాన్‌లో పరిశీలించింది. ఆగకుండా పరిగెత్తినవాళ్లకు సగటున 4 గంటల 7 నిమిషాలు పట్టింది. ప్రతి రెండున్నర కిలోమీటర్లకు ఒక నిమిషం నడిచినవాళ్లకు 4 గంటల 14 నిమిషాలు. 42 కిలోమీటర్ల మీద తేడా ఏడు నిమిషాలే. నడిచినవాళ్లలో కండరాల నొప్పి, అలసట మాత్రం స్పష్టంగా తక్కువ. గుండె మీద పడిన ఒత్తిడిని సూచించే రక్త పరీక్షల్లో తేడా కనబడలేదు. అంటే నడక కాపాడేది ప్రధానంగా కాళ్లను. తక్కువ సాధనతో దిగినవాళ్లకు తక్కువ పడేదీ కాళ్లే.

సాధనలో 14 కిలోమీటర్లు దాటనివాళ్లు పోటీ రోజున మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టి చివరిదాకా అదే పాటించడం మేలు. నిర్వాహకులు పెట్టిన గడువును ముందే చూసుకుని, దానికి తగ్గట్టు నిమిషాలు సర్దుకోవాలి.

దిగుడులోనే దెబ్బ

హైదరాబాద్ గ్రానైట్ గుట్టల మీద కూర్చున్న ఊరు. మారథాన్ దారి నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దిక్కుగా ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు, దుర్గం చెరువు కేబుల్ వంతెన దాటుకుంటూ సాగుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి పట్టేస్తుంది కాబట్టి అందరూ ఎక్కుడుకే భయపడతారు. కండరానికి ఎక్కువ నష్టం చేసేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒకవైపు బిగుస్తూనే ఇంకోవైపు సాగుతుంది. ఆ లాగుడుకు కండర పోగులు సూక్ష్మంగా చిరుగుతాయి. మర్నాటి నుంచి రెండు, మూడు రోజుల దాకా మెట్లు దిగలేకపోవడానికి కారణం అది.

తక్కువ సమయం ఉన్నవాళ్లకు ఇక్కడ ప్రకృతి ఒక సాయం చేసింది. కండరం ఒక్కసారి ఇలాంటి దెబ్బ తిని కోలుకుంటే, మళ్లీ అదే పని చేసినప్పుడు నష్టం బాగా తగ్గుతుంది. ఈ రక్షణ కొన్ని వారాల పాటు, కొన్ని సందర్భాల్లో నెలల పాటు నిలుస్తుంది. కాబట్టి పోటీకి మూడు, నాలుగు వారాల ముందు ఒకటి, రెండుసార్లు ఫలక్‌నుమా గుట్ట నుంచి చిన్న అడుగులతో నెమ్మదిగా పరిగెత్తి దిగితే తొడలు సిద్ధమవుతాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభమిచ్చే సాధన మరొకటి లేదు.

అన్నం, అరటిపండు, హలీం

మన కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. మొత్తం దాదాపు 2,000 కేలరీలు. 1,370 ఖర్చయ్యే పరుగుకు ఇది సరిపోతుందనిపిస్తుంది. అయితే ఒక కండరంలోని గ్లైకోజన్‌ను ఆ కండరమే వాడుకోగలదు. చేతుల్లో ఎంత ఉన్నా కాళ్లకు పనికిరాదు. స్వీడన్ వైద్యులు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ 1966లో తమ మీదే ప్రయోగం చేసుకుని ఈ సంగతి తేల్చారు. ఒకే సైకిల్‌కు చెరో పక్కన కూర్చుని ఒక్క కాలితోనే తొక్కి అలసిపోయారు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిన్నారు. సూదితో కండరం తీసి చూస్తే తొక్కిన కాలిలో గ్లైకోజన్ తొక్కని కాలికి దాదాపు రెట్టింపు చేరింది. పోటీకి ముందు రోజుల్లో పిండిపదార్థాలు పెంచుకునే పద్ధతికి పునాది ఇదే.

మనకిది కొత్త తిండేమీ కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంది. పోటీకి ముందు ఒకటిన్నర, రెండు రోజులు అన్నం, ఇడ్లీ, పండ్లు కాస్త ఎక్కువగా తిని, నూనె, పీచు తగ్గిస్తే చాలు. ముందు రాత్రి బిర్యానీ, హలీం, నిహారీ వద్దు. వాటిలోని కొవ్వు పొట్టలో చాలాసేపు నిలుస్తుంది, పరుగులో రక్తం కాళ్ల వైపు మళ్లినప్పుడు కడుపు ఇబ్బంది పెడుతుంది. గోధుమ, మాంసం కలిసిన హలీం పరుగు తర్వాత చక్కటి భోజనం. అప్పుడు గ్లైకోజన్ నింపడానికీ, కండరం మరమ్మతుకూ రెండూ కావాలి.

పరుగు మధ్యలో తినడమూ అవసరమే. 1924లో బోస్టన్ మారథాన్ ముగించినవాళ్ల రక్తం పరీక్షించిన వైద్యులు, నీరసించి పడిపోయినవాళ్లలో చక్కెర బాగా తగ్గినట్టు చూశారు. మరుసటి ఏడాది దారిలో మిఠాయి బిళ్లలు తినిపిస్తే ఆ స్థితి రాలేదు. రెండు గంటలు దాటే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఖర్జూరాలు, బెల్లం ముక్కా పనికొస్తాయి. మొదటి 40 నిమిషాల నుంచే కొద్దికొద్దిగా తినాలి, ఏది తినాలన్నది ఆదివారం పరుగుల్లోనే పరీక్షించి పెట్టుకోవాలి.

ఉక్కపోత లెక్క

కండరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగా మారుతుంది. 1,370 కేలరీల పరుగులో వెయ్యికి పైగా కేలరీల వేడి బయటికి పోవాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. చిక్కంతా ఆవిరవడం దగ్గరే. ఆగస్టు తెల్లవారుజామున హైదరాబాద్‌లో 22, 23 డిగ్రీలే ఉన్నా గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. చెమట ఆరకుండా కారిపోతే ఒంట్లో నీళ్లు పోతాయి గానీ వేడి పోదు. అందుకే చలికాలంలో చేసిన వేగాన్ని ఆగస్టులో ఆశించకూడదు. ఒకటి, రెండు వారాలు అదే వాతావరణంలో పరిగెత్తితే శరీరం చాలావరకు అలవాటు పడుతుంది.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదముంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గింది. ఎక్కువసేపు పరిగెత్తినవాళ్లు, దారిపొడవునా నీళ్లు తాగి బరువు పెరిగినవాళ్లలోనే అది ఎక్కువ. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు తాగే అవకాశాలు ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త వాళ్లకే ముఖ్యం. దాహమైనప్పుడు, దాహం తీరేంత తాగాలి. ఉప్పు వేసిన నిమ్మరసమో ఓఆర్‌ఎస్సో నడుమ నడుమ తీసుకోవచ్చు. తల తిరగడం, మాట తడబడటం, చలి పుట్టడం కనిపిస్తే వెంటనే ఆగి నీడలో చేరి సాయం అడగాలి.

గుండె మాట వినాలి

అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షల మంది లెక్కలు 2012లో వచ్చాయి. గుండె ఆగిన సంఘటనలు 59. హాఫ్ మారథాన్‌లో లక్ష మందికి 0.27, పూర్తి మారథాన్‌లో 1.01. ముప్పు చాలా తక్కువ. అయితే ఆ లెక్కను ఉన్నదున్నట్టు మనకు అన్వయించుకోకూడదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వాసులకు మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53, మిగతా దేశాల్లో దాదాపు 59. పైగా ఐసీఎంఆర్ 2023 అంచనా ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది.

కాబట్టి 40 దాటినవాళ్లు, షుగర్, బీపీ, పొగ అలవాటు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు చూసినవాళ్లు సాధన మొదలుపెట్టక ముందే డాక్టర్ని కలవాలి. శ్రమపడినప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, స్పృహ తప్పినా పరుగు అక్కడితో ఆపాలి. జ్వరంతో ఉన్నప్పుడు పరిగెత్తడం గుండె కండరానికి వాపు తెచ్చే ప్రమాదముంది. పోటీకి డబ్బు కట్టి ఉన్నా సరే, ఇంట్లో ఉండాలి.

పోటీ ముగిశాక

ఇంత జాగ్రత్తతో ఇంత కష్టం ఎందుకంటే, లాభం పతకంలో లేదు, సాధన చేసిన వారాల్లో ఉంది. లండన్ మారథాన్‌కు మొదటిసారి సిద్ధమైన 138 మంది రక్తనాళాల్ని సాధనకు ముందూ పోటీ తర్వాతా పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వారానికి 10 నుంచి 20 కిలోమీటర్ల మామూలు సాధనతోనే వాళ్ల బృహద్ధమని బిరుసు తగ్గి, దాని వయసు నాలుగేళ్లు వెనక్కి వెళ్లినట్టయింది. బీపీ కూడా తగ్గింది. వయసు పైబడినవాళ్లు, నెమ్మదిగా పరిగెత్తినవాళ్లే ఎక్కువ లాభపడ్డారు.

అలా పెరిగిన దమ్ము పోవడానికి ఎంతోకాలం పట్టదు. పరిశోధకుడు ఎడ్వర్డ్ కోయిల్ 1984లో చూపినట్టు, సాధన పూర్తిగా మానేస్తే మొదటి రెండు, మూడు వారాల్లోనే దమ్ము ఏడు శాతం దాకా పడిపోతుంది. ముందుగా వచ్చిన రక్తద్రవమే ముందుగా పోతుంది. అయితే నిలబెట్టుకోవడం సంపాదించడమంత కష్టం కాదు. మరో పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 1980ల తొలినాళ్లలో పది వారాలు గట్టిగా సాధన చేసినవాళ్లను వారానికి ఆరు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గించాడు. తీవ్రత తగ్గించకపోవడంతో 15 వారాల తర్వాతా వాళ్ల దమ్ము చెక్కుచెదరలేదు.

పాతబస్తీ జీవితానికి ఈ ఫలితం బాగా సరిపోతుంది. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు సుదీర్ఘ పరుగులు పక్కనపెట్టి, ఇఫ్తార్ అయ్యాక రెండు గంటలకు వారానికి రెండుసార్లు అరగంట పరిగెత్తినా ఏడాది కష్టం నిలుస్తుంది. పెళ్లిళ్ల సీజనులో దుకాణం వదలలేని వ్యాపారికీ, పరీక్షల నెలలో విద్యార్థికీ అదే సూత్రం.

పోటీ మర్నాటి నుంచి వారం రోజులు నడవండి, ఆ తర్వాత మళ్లీ నయాపూల్ దాకా ఒక చిన్న పరుగు. పన్నెండు వారాల క్రితం మొదలైన ఎముక మరమ్మతు అప్పటికి ఇంకా పూర్తయి ఉండదు. దాన్ని పూర్తి చేసేది ఆ తర్వాతి నెలల్లో వారానికి రెండు పొద్దుల నిలకడ. వచ్చే ఆగస్టుకు అలాంటివాళ్లు 6 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.